బువ్వాలాటలో బయటపడే యింటి గుట్టు

(పలాస గ్రామీణ విలేఖరి)

ఉద్దానంలో అదొక అంగన్‌వాడీ కేంద్రం. వూరి పేరు రాయడం భావ్యం కాదు. ఉదయం పది గంటల వేళ నలుగురు గుంటలు అరుగు కింద కొబ్బరి చిప్పలు, యిసుక పెట్టుకొని బువ్వాలాట ఆడుతున్నారు. ఒక పిల్ల వంట చేస్తున్నది. నాలుగేళ్ళ కుర్రవాడు బయటినుంచి తూలుతూ వచ్చాడు. కూర యేదని గద్దించాడు. చిప్పను కాలితో తన్నాడు. వంట చేస్తున్న పిల్ల రెండు చేతులూ తలపై పెట్టుకొని గోడవారకు వొదిగిపోయింది. మిగిలిన యిద్దరూ నవ్వలేదు.

టీచరమ్మ చూసింది. పిల్లలను లోపలికి పిలిచి పాట మొదలుపెట్టించింది. ఆ కుర్రవాడు యెవరిని చూసి ఆ ఆట నేర్చుకున్నాడో ఆమెకు తెలుసు. ఆ వాడలో అందరికీ తెలుసు. తెలిసి యేం చేయాలన్నదే యెవరికీ తెలియనిది.

సారా గురించి యీ ప్రాంతంలో రాయని విలేఖరి లేడు. ఒడిశా సరిహద్దు పక్కనే వున్నందున నాటుసారా పట్టివేతలకు లోటు లేదు. వూట పారబోశారని, కుండలు పగలగొట్టారని నాలుగు లైన్లు రాస్తాము, మరునాడు అచ్చవుతుంది. ఆ సారా తాగినవాడి యింట్లో పగిలిన కుండ మాత్రం వార్త కాదు. పెద్ద గాయమో చావో జరిగితేనే ఆ యిల్లు పేపరుకెక్కుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో నూటికి 30 మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. పదిహేనేళ్ళు దాటిన మగవారిలో నూటికి 23 మంది తాగుతున్నట్టు అదే సర్వే చెప్పింది. యింటికొచ్చి అడిగిన కొత్త మనిషికి నోరు విప్పి చెప్పినవారి లెక్క యిది. చెప్పనివారు యీ లెక్కలో లేరు.

తాగుడు వొక్కటే దెబ్బలకు కారణమంటే అదీ సరికాదు. తాగని మగవాడూ కొడుతున్నాడు, తాగి నోరెత్తకుండా పడుకునేవాడూ వున్నాడు. అయితే అప్పు, పని లేకపోవడం, అనుమానం వున్న యింట సారా అగ్గికి ఆజ్యం. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకు రావడానికి యేళ్ళు పడుతుంది. ఆ యేళ్ళన్నీ అప్పు మీదే గడిచిన యిళ్ళున్నాయి. దానికి తోడు కిడ్నీ జబ్బు. ఆ జబ్బుకు కారణం యిదీ అని శాస్త్రజ్ఞులు యింకా తేల్చలేదు గనుక దాన్ని సారాకు ముడిపెట్టడం తప్పు. కాని డయాలసిస్ మనిషి వున్న యింట డబ్బు దగ్గర మాటా మాటా పెరగడం యిక్కడ యెవరిని అడిగినా చెబుతారు.

అంగన్‌వాడీయే యెందుకు?

దెబ్బలు తిన్న ఆడది పోలీసు స్టేషనుకు పోతే వూరంతా చూస్తుంది. పెద్దమనుషుల దగ్గరకు పోతే సర్దుకుపొమ్మంటారు. పుట్టింటికి పోతే నాలుగు రోజులకు తీసుకొచ్చి దింపుతారు. డ్వాక్రా సంఘంలో చెప్పుకుందామంటే అక్కడ వాయిదా మాటే ముందు వస్తుంది. యేం పని మీద వెళ్ళావని మొగుడు గాని అత్త గాని అడగని చోటు వొక్కటే వుంది. గుంటడిని దింపడానికి అంగన్‌వాడీకి వెళ్ళి వచ్చిందంటే యెవరికీ అనుమానం రాదు. పలాస-కాశీబుగ్గ జీడి బట్టీలకు పోయే ఆడవాళ్ళు సయితం ఆ గుమ్మం తొక్కే పనిలోకి పోతారు.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలయింది. ఆరేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు అందరూ దాని లెక్కలోకి వస్తారు. అంటే యింట్లో గొడవలు ముదిరే రోజుల్లోనే, పిల్లలు చిన్నవారుగా వున్నప్పుడే, ఆ కుటుంబం టీచరమ్మకు కనబడుతూ వుంటుంది. గుడ్డు తినకుండా గుప్పిట్లో దాచుకొనే పిల్ల, గట్టిగా మాట్లాడితే వులిక్కిపడే గుంటడు, వారం రోజులుగా కొంగు భుజం మీదుగా నిండా కప్పుకొని వచ్చే తల్లి వీరందరినీ ఆమె రోజూ చూస్తుంది. యింత దగ్గరగా చూసే ప్రభుత్వ మనిషి వూళ్ళో మరొకరు లేరు.

పాఠం చెప్పే చోట తాగుడు మాట బయటపడడం మనకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1990వ దశకం మొదట్లో అక్షరాలు దిద్దడానికి రాత్రి బడికి వచ్చారు. తాగుడు సంసారాన్ని యెలా కూలుస్తుందో చెప్పే సీతమ్మ కథ ఆ వాచకంలో వున్నది. చదివినవారు అది తమ కథేనన్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచి సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్ళకే 1997లో మద్యం తిరిగి వచ్చింది. 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, ధరలు పెంచింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి, 99 రూపాయలకు క్వార్టరు సీసా ప్రకటించారు. పై నుంచి విధానం యెన్నిసార్లు మారినా బువ్వాలాట ఆడే గుంటడికి సాయంత్రం యింటికి వచ్చే తండ్రి మారలేదు.

అమెరికాలోని షికాగో నగరంలో 1967లో పేదల వాడల్లో శిశు కేంద్రాలు తెరిచారు. పిల్లల గది పక్కనే తల్లిదండ్రులకు ఒక గది వుంచారు. తల్లులు వచ్చి కూర్చునేవారు, పాఠాల్లో సాయం చేసేవారు, యింటి సంగతి చెప్పుకొనేవారు. అవసరమైన చోట సిబ్బంది యింటికి వెళ్ళేవారు. ఆ పిల్లలకు 17 ఏళ్ళు వచ్చేవరకు లెక్క తీసి 2003లో ప్రచురించారు. కేంద్రానికి వచ్చినవారిలో నూటికి 5 మంది యింట హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కేసులున్నాయి. రానివారిలో అది 10కి పైనే. యిది పిల్లల మీద జరిగిన హింస లెక్కే, భార్యల మీద జరిగినదాన్ని వారు కొలవలేదు. అయినా తల్లి కూర్చోవడానికి పక్కన ఒక గది వుంటే యెంత తేడా వస్తుందో దీనివల్ల తెలుస్తున్నది.

మన దగ్గర అటువంటి గది వుండీ పోయింది. 2013లో మొదలైన అమృతహస్తం పథకంలో గర్భిణులు, బాలింతలు కేంద్రానికే వచ్చి అన్నం, పప్పు, గుడ్డు, పాలు తీసుకొనేవారు. విస్తరి ముందు కూర్చున్న ఆ అరగంటలో యెన్నో మాటలు దొర్లేవి. 2020లో కరోనా వచ్చి సరుకులు యింటికివ్వడం మొదలయింది. తర్వాత కూడా యింటికిచ్చే పద్ధతే వచ్చింది. దూరపు పేటలవారికి నడక తప్పిన మాట నిజం. కాని సంచీ యింటికి పోయాక అందులోని గుడ్డు యెవరు తిన్నారో తెలియదు. అరగంట మాటలూ పోయాయి.

చట్టం వుంది, ధైర్యం లేదు

గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో వుంది. మన రాష్ట్రంలో ఆ చట్టం కింద రక్షణాధికారి యెవరో కాదు, అంగన్‌వాడీలను నడిపే శాఖ జిల్లా ప్రాజెక్టు డైరెక్టరే. బాధితురాలే రావాలని చట్టంలో లేదు. హింస జరుగుతున్నదని నమ్మకం వున్న యెవరైనా సమాచారం యివ్వవచ్చు. సదుద్దేశంతో యిచ్చినవారి మీద కేసు గాని, నష్టపరిహారం దావా గాని నిలవదని నాలుగో సెక్షను చెబుతున్నది. భార్యను యింట్లోంచి గెంటడానికి వీల్లేదనీ వుంది. యీ సంగతులు తెలియని టీచరమ్మలే యెక్కువ.

తెలిసినా పరిస్థితి అంత సులువు కాదు. టీచరమ్మ కూడా ఆ వూరి కోడలే. కొట్టినవాడు ఆమెకు మరిదో బావో అవుతాడు. రాత్రి తాగి వచ్చి గుమ్మం ముందు తిడితే ఆమెకు అండ యెవరు? పైగా రిజిస్టర్లు, ఫోనులో పోషణ్ ట్రాకర్, బరువులు, ఫొటోలు. వేతనం పెంచాలని రాష్ట్రంలో అంగన్‌వాడీ సిబ్బంది 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. వున్న పనికే యింత గోల పడుతుంటే మరో పని నెత్తిన పెట్టడం న్యాయమా అని యెవరైనా అడగవచ్చు. అడగవలసిందే. ఫోనులో నింపే గడులు కొన్ని తగ్గించి ఆ వేళ తల్లులకు కేటాయించాలని యీ విలేఖరి అభిప్రాయం. కేంద్రాలకు వచ్చే సూపర్‌వైజరమ్మ గుడ్లు లెక్కపెట్టినంత శ్రద్ధగా యీ సంగతీ వాకబు చేస్తే టీచరమ్మ వొంటరి కాదు.

మొగుడూ పెళ్ళాల మధ్య తీర్పు చెప్పడం టీచరమ్మ పని కాదు. నలుగురిలో దెబ్బ గురించి అడగడం అంతకంటె తప్పు, ఆ మాట సాయంత్రానికి యింటికి చేరి మరో దెబ్బ అవుతుంది. వొంటరిగా వున్నప్పుడు అడగడం, చెప్పింది వినడం, 181 నంబరు నోటికి వచ్చేలా చెప్పడం చాలు. శ్రీకాకుళంలో సఖి కేంద్రం వున్నా ఇచ్ఛాపురం వైపు ఆడవాళ్ళకు అది వంద కిలోమీటర్లు దాటిన దూరం. ఫోనే ముందు.

మగవారి సంగతి వేరే చెప్పుకోవాలి. చెన్నై, గుజరాతు పనులకు పోయినవారు సంక్రాంతికి వూళ్ళోనే వుంటారు. తల్లులను పిలిచినట్టే ఆ వారంలో తండ్రులనూ కేంద్రానికి పిలిచి, తమ పిల్లలు యేం నేర్చుకున్నారో చూపించవచ్చు. బిడ్డ పద్యం చెబుతుంటే వినడానికి రానని యే తండ్రీ అనడు. తాగుడు మానదలచినవారికి 14446 నంబరులో వుచితంగా సలహా దొరుకుతుంది. యేళ్ళ తరబడి తాగినవాడు వొక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్సు రావడం, లేనివి కనబడడం జరగవచ్చు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతారు, లేదా గుక్కెడు సారా పోసి వూరుకోబెడతారు. అది ఆసుపత్రిలో చూపించవలసిన అవస్థ, మందులున్నాయి.

మధ్యాహ్నం దాటాక ఆ కుర్రవాడి తల్లి వచ్చింది. జీడి రసం తగిలి వేళ్ళ కొసలు నల్లబడి వున్నాయి. మిగిలిన తల్లులు వెళ్ళేదాకా టీచరమ్మ ఆమెకు యేదో పని చెప్పి కూర్చోబెట్టింది. ఆయా చీపురు తీసుకొని పెరట్లోకి పోయింది. అరుగు మీద యిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. యేం మాట్లాడుకున్నారో యీ విలేఖరి వినలేదు. గుంటడు మాత్రం యింటికి పోదామని కొంగు పట్టుకొని లాగుతూనే వున్నాడు.