ఉమ్మడి వి.ఆర్. హెడ్‌సెట్లు - కన్నుల రక్షణ

పలువురు కలిసి వాడుకొను వస్తువులు ప్రతి గ్రామమునందును కలవు. చలివేంద్రమందు లోటాను పెదవికి తాకింపక, ఎత్తి నీరు త్రాగుట మన పెద్దలు నేర్పిన మర్యాద. ఒకరి ఎంగిలి మరియొకరికి సోకరాదనుటయే అందలి భావము. కాని ముఖమునకు ఆనించి కట్టుకొననిదే పనిచేయని సాధనము గ్రామమునకు వచ్చినచో నేమి చేయవలెను? వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్, అనగా వి.ఆర్. హెడ్‌సెట్, అట్టి సాధనము.

ఇది కండ్లజోడు కంటె పెద్దదై, చిన్న పెట్టె వలె నుండును. లోపల రెండు కటకములును, వాని వెనుక తెరయు నుండును. దీనిని ధరించినవారికి తాము చూచు దృశ్యము నడుమనే నిలిచియున్నట్లు తోచును. 1968లో ఐవాన్ సదర్లాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నిర్మించిన తొలినాటి సాధనమును, బరువు మిక్కుటమగుటచే, పైకప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చినది. నేడు లభించు వానిలో పెక్కింటి బరువు అరకిలోకు అటు ఇటుగా నుండును. నల్లమల అడవుల చెంతనున్న నంద్యాల జిల్లా రుద్రవరము వంటి మండలములందు, సముద్రమును ఎన్నడును చూడని బాలబాలికలకు సముద్రగర్భమును, గ్రహమండలమును తరగతి గదిలోనే చూపుటకు ఇది ఉపకరించును. అయితే పాఠశాలకు గాని, శిక్షణ కేంద్రమునకు గాని ఇవి లభించినపుడు నాలుగైదుకు మించి యుండవు. చూడగోరువారు ముప్పదిమంది యుందురు. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

ముప్పు ఎట్లు కలుగును?

హెడ్‌సెట్ అంచున నుండు మెత్తని పట్టీ నొసటిని, చెక్కిళ్ళను, కంటి చుట్టు చర్మమును తాకుచుండును. మన పిల్లల నొసటి బొట్టు, కంటి కాటుక, తలనూనె, చెమట యన్నియు దానికి అంటును. స్పాంజి పట్టీ చెమటను పీల్చుకొని తడిగానే యుండును. కంటి కలక గల బాలుడు దానిని ధరించినచో, అతని కంటి స్రావము పట్టీ మీదుగా, చేతుల మీదుగా తరువాతి బాలునకు చేరగలదు.

2023 జూలై, ఆగస్టు మాసములందు రెండు తెలుగు రాష్ట్రములందును కండ్లకలక విస్తారముగా వ్యాపించిన సంగతి సభ్యులకు జ్ఞాపకముండును. కలక వచ్చినవారి కన్నులలోనికి చూచినంతనే అది అంటునని పలువురు నమ్ముదురు. ఇది సరికాదు. చూపు వలన రోగము రాదు. చేతులు, తువాళ్ళు, దిండుగలీబులు, కన్ను తాకిన ఇతర వస్తువులు దానిని మోసికొనిపోవును. కలకను కలిగించు అడినోవైరస్ పొడి వస్తువులపై దినముల తరబడి జీవించియుండగలదు. చేతులకు రాచుకొను శానిటైజర్ దానిని పూర్తిగా నశింపజేయునను భరోసా లేదు. కావున కలక గలవారిని ఆ సాధనమునకు దూరముగా నుంచుటయే మొదటి రక్ష.

మన దేశము 1963లోనే ట్రకోమా అను కంటిజబ్బుపై జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. ప్రజారోగ్య సమస్యగా ఆ వ్యాధి భారతదేశమున తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించినది. ఈ విజయమునకు మందులతో పాటు ముఖము కడుగుకొనుట, శుభ్రమైన నీరు, పారిశుద్ధ్యము తోడ్పడినవి. ఆ అలవాటును క్రొత్త యంత్రము ముందు మరువరాదు.

శుభ్రపరచు పద్ధతి

1. సాధనమును తాకుటకు ముందు ప్రతివారును సబ్బుతో చేతులు కడుగుకొని, ముఖమును తుడుచుకొనవలెను. కాటుక, తడిబొట్టు తుడిచివేయవలెను.

2. కన్ను ఎర్రబడినవారికి, కన్ను కారుచున్నవారికి, ముఖమున పుండ్లు గలవారికి, తలలో పేలు గలవారికి ఆ దినము సాధనము ఇయ్యరాదు. ఆ బాలుని పదిమందిలో చిన్నబుచ్చక, మరియొక దినము అవకాశము కల్పించవలెను.

3. స్పాంజి పట్టీపై సిలికాన్ తొడుగు వేయవలెను. ప్రతి విద్యార్థికిని వేరు తొడుగు గాని, వాడి పారవేయు కాగితపు ముసుగు గాని యుండుట మేలు. సిలికాన్ తొడుగులను సబ్బునీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టవలెను.

4. ఒకరు వాడిన వెంటనే బయటి భాగములను, చేతి మీటలను ఆల్కహాలు లేని క్రిమిసంహారక తుడుపుగుడ్డతో తుడువవలెను. తడి పూర్తిగా ఆరిన పిదపనే మరియొకరికి ఈయవలెను.

5. కటకములను పొడిగానున్న మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మాత్రమే, నడిమి నుండి అంచునకు గుండ్రముగా తుడువవలెను. వానికి నీరు గాని, శానిటైజర్ గాని తగులరాదు. చీరకొంగుతో, చొక్కా అంచుతో తుడిచిన గీతలు పడును.

ఫినాయిలు, బ్లీచింగ్ పొడి మురుగుకాల్వలకు తగినవే కాని, ముఖమునకు తగులు వస్తువునకు తగవు.

ఎండ పనికిరాదు

పరుపులు, ధాన్యము, బట్టలు ఎండబెట్టి శుద్ధిచేయుట మన అలవాటు. ఈ సాధనమునకు మాత్రము ఎండయే శత్రువు. భూతద్దముతో కాగితమును కాల్చిన రీతిగా, కటకముల గుండా పోవు సూర్యకిరణములు లోపలి తెరను కొలది కాలములోనే మాడ్చివేయగలవు. కావున దానిని కిటికీ ప్రక్కను గాని, ఆరుబయట గాని ఉంచరాదు. మూతగల పొడి పెట్టెలో భద్రపరచవలెను.

ముఖమున దద్దురు గాని, మంట గాని కనిపించినచో వెంటనే వాడుక ఆపవలెను. 2021 జూలైలో ఫేస్‌బుక్ సంస్థ అమెరికాలో సుమారు 40 లక్షల క్వెస్ట్ 2 హెడ్‌సెట్ల స్పాంజి పట్టీలను, చర్మమునకు బాధ కలుగుచున్నదను ఫిర్యాదులపై, వాడరాదని ప్రకటించి, ఉచితముగా సిలికాన్ తొడుగుల నిచ్చినది. క్రొత్త పట్టీయైనను కొందరికి పడకపోవచ్చునని దీనివలన తెలియుచున్నది. చిన్నపిల్లల విషయమున తయారీదారు సూచించిన వయఃపరిమితిని పాటింపవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

అయిదు హెడ్‌సెట్లు, ముప్పదిమంది విద్యార్థులు కలరనుకొందము. ఒక్కొక్కరు పది నిమిషములు చూచి, తుడుపునకు అయిదు నిమిషములు విడిచినచో, 45 నిమిషముల పీరియడులో మూడు వంతులు, అనగా పదునైదుగురు మాత్రమే చూడగలరు. తక్కినవారికి మరియొక పీరియడు కావలెను. ఈ లెక్క వేయక అందరికిని ఒకే పీరియడున చూపబూనినచో, కోల్పోవునది తుడుపు సమయమే. తుడుపు పోయిన చోట కలక ప్రవేశించును.

కావున సాధనమును స్వీకరించు నాడే మూడు సంగతులు తీర్మానించవలెను. తొడుగులకును, గుడ్డలకును ఏటేటా కొంత సొమ్ము కేటాయించుట మొదటిది. తుడుపు బాధ్యతను ఒక ఉపాధ్యాయునకో, శిక్షకునకో పేరుపెట్టి అప్పగించుట రెండవది. అందరి పని ఎవరి పనియు కాదు. ఎవరు ఏనాడు వాడిరో, ఎప్పుడు శుభ్రపరచిరో వ్రాయు చిన్న పుస్తకమును ఉంచి, నెలకొకమారు సభ్యులు పరిశీలించుట మూడవది. గ్రామమున కలక కనిపించినచో ఆశా కార్యకర్త ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలిపి, అది తగ్గువరకు ఉమ్మడి వాడుకను నిలిపివేయవలెను.

యంత్రము చెడిన మరియొకటి తెచ్చుకొనవచ్చును. బిడ్డ కన్నునకు మారు లేదు. గ్రామమునకు వచ్చిన క్రొత్త విద్య కన్నులు తెరిపింపవలెనే కాని, కలక తేరాదు. ఈ జాగ్రత్త పంచాయతీ చేతిలోనిదే.