జోహ్రా మీద కనిపించిన ఆ చిన్న గీత నిజమేనా?

కొన్ని నెలల్లో మగ్రిబ్ నమాజు చదివి బయటికి వస్తే పడమటి వైపు మెరిసే శుక్రుణ్ణి చూడొచ్చు. ఉర్దూలో జోహ్రా. 2020 సెప్టెంబరులో అక్కడ జీవం ఉందేమోనని ప్రపంచమంతా మాట్లాడుకుంది. అందుకు కారణం ఒక చిన్న గీత.

హవాయిలో మౌనా కియా పర్వతం మీద, 4,000 మీటర్లకు పైన, జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ టెలిస్కోప్ ఉంది. దాని డిష్ వెడల్పు 15 మీటర్లు. అది పట్టేది మిల్లీమీటరు, అంతకన్నా చిన్న రేడియో తరంగాలను. గాలిలోని తేమ వీటిని మింగేస్తుంది, అందుకే అంత ఎత్తు. ప్రతి వాయువుకూ తనవైన ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. గ్రహం నుంచి వచ్చే సిగ్నల్ సరిగ్గా అక్కడ కాస్త తగ్గితే, దాని మేఘాల్లో ఆ వాయువు ఉన్నట్టు లెక్క. ఈ తగ్గుదలనే స్పెక్ట్రల్ లైన్ అంటారు.

2017లో జేన్ గ్రీవ్స్ బృందం 267 గిగాహెర్ట్జ్ దగ్గర ఫాస్ఫీన్ కోసం వెతికింది. భూమి మీద ఈ వాయువు ఆక్సిజన్ లేని చోట్ల సూక్ష్మజీవుల దగ్గర దొరుకుతుంది. గీత కనిపించింది. 2019లో చిలీలోని ఆల్మా టెలిస్కోప్‌తో చూస్తే అక్కడా కనిపించింది.

చిక్కంతా లెక్క దగ్గరే. శుక్రుడి సిగ్నల్ చాలా బలమైనది. అది టెలిస్కోప్ లోపలే అటూ ఇటూ తగిలి అలలు పుట్టిస్తుంది. గీత లోతేమో పదివేలలో ఒకటి రెండు వంతులు, అలలు దానికన్నా పెద్దవి. గీత ఉండాల్సిన చోటు వదిలేసి, మిగతా సిగ్నల్‌కు ఒక వంపు రేఖ అమర్చి, దాన్ని మొత్తంలోంచి తీసేస్తారు. ఆల్మా డేటాకు 12వ డిగ్రీ రేఖ వాడారు. అన్ని వంపులు తిరిగే రేఖతో లేని గీత కూడా పుట్టొచ్చు. ట్రయల్ బ్యాలెన్స్ కుదరనప్పుడల్లా సస్పెన్స్ ఖాతాలో వేసి ట్యాలీ చేసినట్టే ఇది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రవేత్తలు అదే పద్ధతి వాడి చూస్తే వేరే చోట్ల కూడా ఐదు ఉత్తుత్తి గీతలు వచ్చాయి!

తర్వాత ఆల్మా డేటా సరిచేతలోనే పొరపాటు బయటపడింది. మొదట వంద కోట్ల అణువుల్లో 20 అన్న ఫాస్ఫీన్, మళ్లీ లెక్కిస్తే సగటున 1కి పడిపోయింది. అసలది సల్ఫర్ డయాక్సైడ్ గీత అన్నవాళ్లూ ఉన్నారు. దాని ఫ్రీక్వెన్సీ కూడా దాదాపు అక్కడే ఉంటుంది మరి.

గ్రీవ్స్ బృందం తప్పు ఒప్పుకుని లెక్క తగ్గించింది కానీ గీతను వదల్లేదు. అదే హవాయి టెలిస్కోప్‌తో మళ్లీ చూశారు. ఫాస్ఫీన్ గుర్తులు మళ్లీ కనిపించాయని 2024లో చెప్పారు. వాదన ఇంకా నడుస్తోంది.