ఫైల్ సర్వర్ పలకకపోతే: ఎదురుచూడాలా, వదిలేయాలా?

ప్రయోగశాలల్లో చాలా కంప్యూటర్లు ఒకే ఫైల్ సర్వర్‌ను పంచుకోవడం మామూలే. ఫైళ్లు ఉండేది సర్వర్ డిస్కులో. వాడేవారికి మాత్రం అవి తమ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లోనే ఉన్నట్టు కనిపిస్తాయి. దూరంగా ఉన్న ఫోల్డర్‌ను ఇలా మన కంప్యూటర్‌కు జోడించడాన్ని మౌంట్ చేయడం అంటారు. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్‌ఎఫ్‌ఎస్) లినక్స్ కంప్యూటర్లలో ఈ పనికి నేటికీ విరివిగా వాడుకలో ఉంది.

నెట్‌వర్క్‌తో ఒక చిక్కు ఉంది. జవాబు రాకపోతే ఎందుకు రాలేదో తెలియదు. సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు, కేబుల్ ఊడి ఉండవచ్చు, పని పూర్తయినా జవాబు దారిలోనే పోయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఏం చేయాలో మౌంట్ చేసేటప్పుడే నిర్ణయించాలి. అందుకు ఉన్నవే 'హార్డ్', 'సాఫ్ట్' అనే రెండు ఆప్షన్లు.

హార్డ్ అంటే జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండటం. అంతవరకూ ప్రోగ్రామ్ కదలదు. సర్వర్ తిరిగి రాగానే ఆగిన చోటి నుంచి పని సాగుతుంది. లినక్స్‌లో ఏమీ చెప్పకపోతే అమలయ్యేది ఇదే.

సాఫ్ట్ అంటే కొన్నిసార్లు అడిగి వదిలేయడం. ఎంతసేపు ఆగాలో 'టైమియో', ఎన్నిసార్లు మళ్లీ అడగాలో 'రీట్రాన్స్' చెబుతాయి. టైమియో లెక్క సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. అంటే 600 అని రాస్తే 60 సెకన్లు. గడువు తీరాక ప్రోగ్రామ్‌కు 'లోపం' అన్న సమాధానం వెళుతుంది.

కంప్యూటర్ బిగుసుకుపోకుండా ఉంటుందని సాఫ్ట్‌ను ఎంచుకునేవారు ఉంటారు. ప్రమాదం అక్కడే ఉంది. రాసిన డేటాను లినక్స్ ముందు మెమరీలో ఉంచుకుని, తర్వాత సర్వర్‌కు పంపుతుంది. కాబట్టి లోపం సంగతి ఆలస్యంగా, కొన్నిసార్లు ఫైల్‌ను మూసేటప్పుడు బయటపడుతుంది. ఆ దశలో సరిచూసుకోని ప్రోగ్రాములు ఎన్నో. మూడు రోజులు నడిచిన సిమ్యులేషన్ సజావుగా ముగిసినట్టే కనిపిస్తుంది, ఫలితాల ఫైల్‌లో మాత్రం కొంత భాగం ఉండదు. ఆగిపోయిన పని కంటికి కనిపిస్తుంది, పోయిన డేటా కనిపించదు.

అందువల్ల డేటా రాసే చోట హార్డ్ ఉండాలి. చదవడానికే మౌంట్ చేసిన ఫోల్డర్లకు, లోపాన్ని తట్టుకునే ప్రోగ్రాములకు సాఫ్ట్ సరిపోతుంది. అప్పుడు కూడా టైమియోను మరీ తగ్గించకూడదు. హార్డ్‌లో ఇరుక్కున్న ప్రోగ్రామ్‌ను ఇక ఆపలేమన్న భయం అక్కర్లేదు. లినక్స్ కెర్నెల్ 2.6.25 నుంచి 'కిల్ -9'తో దాన్ని ముగించవచ్చు.

ఏ ఆప్షన్ అమల్లో ఉందో 'మౌంట్' ఆదేశం చూపిస్తుంది. పెద్ద పని మొదలుపెట్టే ముందు ఆ ఒక్క వరుస చూసుకోవడం మేలు.