పుంజో, పెట్టో!

ఆవు ఈనిన వార్త వినగానే తెలుగు రైతు అడుగు మొదటి ప్రశ్న ‘కోడెదూడయా, పెయ్యదూడయా?’ అనునది. కోడి పిల్లలను లేపిన నాడు అట్టి ప్రశ్న వినబడదు. పది పిల్లలున్నను అన్నియు కోడిపిల్లలే. పుంజు, పెట్ట అను పేర్లు కొన్ని వారములు గడచిన పిమ్మటనే వచ్చి చేరును. కంటికి కనబడని భేదమునకు మన భాష తొందరపడి మాట కల్పింపలేదు.

భాష ఆగినను మనుష్యుని మనస్సు ఆగునా? మొన తేలిన గుడ్డు పుంజగుననియు, గుండ్రని గుడ్డు పెట్టయగుననియు కొందరందురు. చేత పట్టినపుడు కాళ్లు ముడుచుకొన్నది పెట్ట, తన్నుకొన్నది పుంజు అని మరికొందరి మాట. ఈ నమ్మకములు ఇంతకాలము నిలుచుటకు కారణము కలదు. పిల్లలలో పుంజులును పెట్టలును ఇంచుమించు సగము సగముగా పుట్టును. కనులు మూసికొని చెప్పినను పదింటిలో ఐదు నిజమగును. నిజమైనవి జ్ఞాపకముండును, తప్పినవి మరపున పడును. గుడ్డు ఆకారము తల్లికోడి శరీరములో పెంకు తయారగు నాళమునుబట్టి ఏర్పడునది. ఒక పెట్ట పెట్టు గుడ్లన్నియు దాదాపు ఒకే తీరున నుండును. వానినుండియే పుంజులును పెట్టలును పుట్టుచున్నవి గదా!

నిజమునకు పెంకు ఏర్పడుటకు ముందే ఈ నిర్ణయము జరిగిపోవును. పుంజు కణములలో జెడ్ అను క్రోమోజోములు రెండుండును. పెట్టకు జెడ్ ఒకటి, డబ్ల్యూ ఒకటి. తల్లి అండములో జెడ్ చేరినచో పుంజు, డబ్ల్యూ చేరినచో పెట్ట. మనుష్యులలో దీనికి తారుమారుగా, బిడ్డ ఆడదో మగదో నిర్ణయించునది తండ్రి బీజము. తరగతిలో ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయులు ఒక మాట చేర్చుట మేలు: ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించువారు, కోడిపెట్టకు చెందిన ధర్మమును మనుష్యస్త్రీకి అంటగట్టుచున్నారు. పెట్టకైనను అది నేరము కాదు సుమా!

మరి పుట్టిన నాడే గుర్తించు ఉపాయము లేదా? ఉన్నది. జపాను శాస్త్రజ్ఞులు మసూయి, హషిమోతో మొదలైనవారు 1920 తరువాతి సంవత్సరములలో దానిని సాధించిరి. ఒకరోజు పిల్ల మలద్వారమును మెల్లగా తెరచి, గుండుసూది తలంతటి బొడిపెను పరిశీలించి మగదానిని గుర్తింతురు. శిక్షణ పొందిన నిపుణులు గంటకు వేయి పిల్లలవరకు చూచి, నూటికి 98 వంతులు సరిగా చెప్పగలరు. ఇది నేర్వనివారు చేయదగిన పని కాదు; లేతపిల్ల ప్రేగులకు హాని కలుగును.

రెక్క ఈకలను చూచుట రెండవ పద్ధతి. ఆడపిల్లకు పెద్ద ఈకలు పైకప్పు ఈకలకంటె పొడవుగా నుండును. మగపిల్లకు రెండును సమముగా నుండును. రంగు చూచుట మూడవది. రోడ్ ఐలండ్ రెడ్ పుంజును లైట్ ససెక్స్ పెట్టతో కలిపినచో ఆడపిల్లలు ఎరుపు చాయతోను, మగపిల్లలు లేత పసుపు చాయతోను పుట్టును. కాని ఈ రెండు గుర్తులును తల్లిదండ్రులను ఎన్నుకొని జతపరచినచోటనే పనిచేయును. ఏ పుంజు తండ్రియో తెలియని పెరటి పిల్ల రెక్క విప్పి చూచిన ఫలము లేదు. అట్టి పిల్లలకు కాలమే పరీక్షకుడు. ఆరు వారములు దాటునప్పటికి పుంజుల తురాయి ఎఱ్ఱబడి పెరుగును. మూడవ నెలలో నడుముపై మొనదేలిన ఈకలు మెరయును. అసీలు జాతికి తురాయియే చిన్నది. దానివిషయమున మరికొంత ఓపిక పట్టవలెను.

జాతిని గుర్తించుటలోను ఇట్టి చిక్కే కలదు. డేగ, కాకి, సేతు అని మన పల్లెలలో వినబడు పేర్లు ఈకల రంగునుబట్టి వచ్చినవి, జాతులనుబట్టి కాదు. ఒక తల్లి పిల్లలలోనే ఇవన్నియు ఉండవచ్చును. నూగు రాలి ఈకలు వచ్చినపుడు రంగు మారిపోవుటయు కలదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ పిల్ల నీలినలుపు రంగుతో, వీపున చారలతో నుండును. అయినను నల్లని పిల్లయెల్ల కడక్‌నాథ్ కాజాలదు. హైదరాబాదునందలి కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ పిల్లను నాటుపిల్లతో కలిపి విడిచినచో, నూగు చూచి వేరుపరచుట కష్టము. కనుక సంతలో కొనువారు పిల్ల రంగును నమ్ముటకంటె, తల్లిదండ్రులను చూపుమని అడుగుట క్షేమము. ‘అన్నియు పెట్టలే’ అను మాట విని డబ్బు చెల్లించిన ఇల్లాలికి మూడు నెలల తరువాత గుడ్లకు బదులు కూతలు దక్కును.

ఈ గుర్తింపు మనకు లాభనష్టముల లెక్క; పిల్లకో, ప్రాణముల లెక్క. గుడ్లకొరకే రూపొందిన జాతులలో మగపిల్ల గుడ్డు పెట్టదు. మాంసమునకు వేగముగా ఎదుగదు. అందుచేత పిల్లలను పొదిగించు కర్మాగారములలో దానిని పుట్టిన నాడే చంపుట అనేక దేశములలో వాడుకయైనది. జర్మనీ 2022 జనవరి 1 నుండి దీనిని నిషేధించినది. గుడ్డులో నుండగనే లింగమును కనిపెట్టు యంత్రములు అచ్చట వాడుకలోనికి వచ్చినవి. జపాను శాస్త్రజ్ఞుల నేర్పు నిజముగా గొప్పది. ఆ నేర్పు మొదటి దినముననే తీర్పుగా మారినది.

మన పెరటి పుంజుకును చివరకు పండుగ వచ్చుననుట నిజమే. కాని అందాక అది తల్లి రెక్కల క్రింద పెరిగి, చెత్త కెలకి, పురుగులు ఏరుకొని తిని, నాలుగు వేకువలు కూసి పోవును. ఇంట కోళ్లున్న విద్యార్థులు పిల్లలకు గుర్తులు కట్టి, ఏది పుంజో, ఏది పెట్టో మొదటి నాడే పుస్తకమున వ్రాసి, మూడు నెలల తరువాత విప్పి చూచుకొందురుగాక. శాస్త్రపాఠములో సగము అక్కడనే అర్థమగును.