ఓడెక్కితే ఫోన్‌పే పనిచేయదా?

అపోహలు – వాస్తవాలు

పరవాడ వాళ్లకు అండమాన్ మరీ దూరపు పేరేమీ కాదు. విశాఖ రేవులో ఓడెక్కితే సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజులు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. అక్కడి జంగ్లీఘాట్‌లో నిలబడితే మన తీరపు యాస చెవినపడుతుంది. అయినా ప్రయాణం ఖాయమవగానే డబ్బు గురించీ ఫోన్ గురించీ ఊళ్లో దొరికే సలహాల్లో సగం పాతబడినవి, మిగతా సగం వేరే ఊరివి.

“పాస్‌పోర్టు కావాలి, డబ్బు మార్చుకోవాలి.”

అక్కర్లేదు. అది మన దేశమే, చెల్లేది మన రూపాయే. గుర్తింపు కార్డు అసలుది దగ్గరుంచుకోండి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చారు, ఆ పేరు ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడకండి.

“మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ మూగబోతుంది.”

ఇది జమ్మూ కశ్మీర్ వెళ్లొచ్చినవాళ్లు చెప్పే మాట. బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయనిది అక్కడ. అండమాన్‌కు ఆ నిబంధన లేదు, మామూలు రీఛార్జే చాలు. సిగ్నల్ పోయేది నడి సముద్రంలో. తీరం కనుమరుగయ్యాక టవర్లుండవు కాబట్టి, రెండు రోజులు ఫోన్ రాకపోయినా బెంగపడొద్దని ఇంట్లో ముందే చెప్పి ఎక్కండి. విహార నౌకలది ఇంకో పేచీ. వాటిలో కొన్నింటికి ఉపగ్రహంతో నడిచే సొంత నెట్‌వర్క్ ఉంటుంది. ఫోన్ దానంతటదే దానికి తగులుకుందంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయాలి.

“సముద్రం కింద కేబుల్ వేశారుగా, ఇక నెట్‌కు లోటేముంది?”

సగం నిజం. చెన్నై నుంచి వేసిన ఆ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 1,224 కోట్లు. అంతకుముందు దీవులన్నీ ఉపగ్రహం మీదే బతికేవి. అదీ ఇరుకు దారే, ఒక్క ఫొటో పంపాలన్నా ఓపిక పట్టాల్సి వచ్చేది. ఇప్పుడు శ్రీ విజయపురంలో ఆ బాధ లేదు. కానీ కేబుల్ ఒడ్డెక్కిన చోట్లు కొన్నే: శ్రీ విజయపురం కాక స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్. పర్యాటకులు ఎగబడే షహీద్ ద్వీప్, అంటే పాత నీల్, ప్రారంభంలో ప్రకటించిన ఈ జాబితాలో లేదు. పైగా కేబుల్ ఒడ్డుకొచ్చినంత మాత్రాన అడవిలో టవర్ మొలవదు. బారాటంగ్‌కు పోయే దారి జార్వా తెగవాళ్లు ఉండే అడవి గుండా సాగుతుంది. అక్కడ బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు. సిగ్నల్ మీద ఆశ అసలే పెట్టుకోకూడదు.

“ఫోన్‌పే ఉంది, నగదెందుకు?” “అక్కడ ఫోన్‌పే చెల్లదు, మొత్తం నగదే పట్టుకెళ్లు.”

రెండూ తప్పే. స్కాన్ బోర్డులు అక్కడా ఉన్నాయి. మనం మరిచిపోయేదల్లా, దీవిలో డబ్బూ సిగ్నలూ వేర్వేరు కావని. ఖాతాలో లక్ష ఉన్నా టవర్ లేని జెట్టీ దగ్గర కొబ్బరిబోండం రాదు. ఏటీఎంలు శ్రీ విజయపురంలో దండిగా, చిన్న దీవుల్లో పలచగా ఉంటాయి. ఉన్న ఒకటీ ఖాళీ అయితే పక్క వీధిలో ఇంకోటి ఉండదు, పక్క దీవిలో ఉంటుంది. అందుకే పడవెక్కే ముందే నగరంలో నగదు తీసి, నూర్లుగా, యాభైలుగా మార్చుకోవాలి. వానాకాలంలో పడవలు ఆగిపోవడం మామూలే. అలా చిక్కుకుంటే అదనంగా ఇంకో రెండు రోజుల గది అద్దె, తిండి ఖర్చు చేతిలో ఉండాలి. టికెట్ డబ్బు వాపసు వచ్చినా ఖాతాలోకే, అదీ నిదానంగా. నెట్ లేకపోయినా ఫోన్ టవరుంటే *99# నొక్కి యూపీఐ చేయొచ్చు. ఒక్కోసారి 5,000 రూపాయల దాకా కుదురుతుంది, కాకపోతే ఈ ఏర్పాటు బయల్దేరకముందే ఇంట్లో ఒకసారి చేసి చూసుకోవాలి.

“యూపీఐ ప్రపంచమంతా వచ్చేసింది. వెస్టిండీస్‌లోనూ స్కాన్ చేసేయొచ్చు.”

చదువుకో ఓడ ఉద్యోగానికో కరీబియన్ దీవులకు పోయే కుర్రాళ్లకు ఇది కుదరదని గట్టిగా చెప్పాలి. ట్రినిడాడ్ అండ్ టొబాగో 2024లో యూపీఐని నడిపే మన ఎన్‌పీసీఐ అంతర్జాతీయ విభాగంతో చేసుకున్న ఒప్పందం, తమ దేశంలో యూపీఐ లాంటి వ్యవస్థను కట్టుకోవడానికి. మన ఖాతాతో అక్కడ కొనుక్కోవడం వేరే సంగతి. కార్డే దిక్కు. 2020 తర్వాత ఇచ్చిన కార్డుల్లో విదేశీ వాడకం మూసే ఉంటుంది, యాప్‌లో మనమే తెరవాలి. ఓటీపీ మన నంబరుకే వస్తుంది కాబట్టి ఇక్కడి సిమ్ తీసి పారేయకుండా రోమింగ్‌లో బతికించుకోవాలి.

డాలరంటే అమెరికా డాలరే అనుకోవడం ఇంకో పొరపాటు. గ్రెనడా, సెయింట్ లూసియా లాంటి దేశాలు వాడే తూర్పు కరీబియన్ డాలర్లు 2.70 ఇస్తే ఒక అమెరికా డాలరు. 1976 నుంచి అదే ధర. బార్బడోస్ డాలర్లయితే రెండు. గ్రెనడా దుకాణంలో వంద డాలర్లని రాసుంటే అది అమెరికా లెక్కలో దాదాపు 37. ఏ డాలరో అడిగి మరీ ఇవ్వాలి.

ఇంట్లో ఉన్నవాళ్లకూ ఓ మాట. +1తో మొదలయ్యే ప్రతి నంబరూ అమెరికాది కాదు. +1 473 గ్రెనడా, +1 246 బార్బడోస్, +1 876 జమైకా. అక్కడ మనవాళ్లెవరూ లేకుండానే అలాంటి నంబరు ఒక్క రింగిచ్చి ఆగిపోతే, అమెరికాలో ఉన్న అబ్బాయేమోనని తిరిగి చేయకండి. అది అంతర్జాతీయ కాల్, ఛార్జీ మీ మీదే.