రెండు పీపాల మీద తేలిన అరుగు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కార్ల నంబరు పలకల మీద కూడా ‘10,000 సరస్సులు’ అని రాసి ఉంటుంది. అక్కడి రిచ్‌మండ్ అనే చిన్న ఊరి దగ్గర ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు 1952లో ఒక ప్రయోగం చేశాడు. ఉక్కు పీపాలను వరసగా వెల్డింగ్ చేసి రెండు పొడవాటి గొట్టాలు తయారుచేశాడు. వాటి మీద చెక్కల వేదిక బిగించి హార్స్‌షూ సరస్సులోకి దించాడు. మామూలు పడవకన్నా ఇది నిలకడగా తేలుతుందని ఆయన నమ్మకం. అది నిజమైంది. నేటి పాంటూన్ పడవ పుట్టింది అలాగే.

జంట కట్టి తేల్చడం తెలుగువాళ్లకు తెలియని విద్య కాదు. రెండు దోనెలు జతచేసిన పడవకు మన భాషలో ‘సంగడి’ అని పేరే ఉంది.

ఒంటి దోనెలో ఒకరు పక్కకు ఒరిగితే చాలు, అందరి గుండెలూ జల్లుమంటాయి. పాంటూన్‌లో అలా జరగదు. బరువు ఎడమకు జరిగితే ఎడమ గొట్టం కాస్త లోతుకు దిగుతుంది. దిగినకొద్దీ ఎక్కువ నీటిని తొలగిస్తుంది, నీరు దాన్ని అంత బలంగానూ పైకి నెడుతుంది. గొట్టాలు ఎడంగా ఉండటంతో ఆ తోపుడుకు అరుగు మళ్లీ సమంగా నిలుస్తుంది. నాయనమ్మ కుర్చీలో కూర్చుని ఉండగానే మనవలు అటూ ఇటూ తిరగగలిగేది ఇందుకే.

తర్వాతి కాలంలో తుప్పుపట్టే ఉక్కు స్థానంలోకి తేలికైన అల్యూమినియం వచ్చింది. గొట్టం లోపల అడ్డుగోడలు పెట్టి గాలి గదులుగా విడగొట్టారు. ఒక గదికి చిల్లుపడినా మిగతావి పడవను తేలుస్తూనే ఉంటాయి.

జార్జియా రాష్ట్రంలో అట్లాంటా దగ్గరి లేనియర్ సరస్సులో ఇలాంటి పడవలు అద్దెకు దొరుకుతాయి. ఆ నగరంలో తెలుగు కుటుంబాలూ ఎక్కువే. రేవులో పక్కపక్కనే రెండు పడవలు ఉన్నాయనుకుందాం. రెండూ 20 అడుగులవే. అవే సోఫాలు, అదే నీడగుడ్డ. ఏది ఎంచుకోవాలి?

సోఫాలు కాదు, వాటి కింది గొట్టాలు చూడాలి. ఒకదాని గొట్టాల వ్యాసం 23 అంగుళాలు, రెండోదానివి 25. చూపుకు ఆనని తేడా. కానీ గొట్టంలో పట్టే ఘనపరిమాణం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి రెండోది 18 శాతం పెద్దది. పొడవంతా ఒకే లావు అనుకుని లెక్కిస్తే, సగం మునిగినప్పుడు మొదటి జత దాదాపు 1,630 కిలోలు మోస్తుంది, రెండో జత 1,930. పడవ సొంత బరువు, మోటారు, ఇంధనం అన్నీ ఆ అంకెల్లోనే ఉంటాయి. తేడా 300 కిలోలు, అంటే నలుగురు పెద్దవాళ్లు.

కొన్ని పడవలకు నడుమ మూడో గొట్టం ఉంటుంది. ఎక్కువ బరువుకూ, పెద్ద మోటారుకూ, అలలున్న విశాలమైన నీటికీ అది బాగా పనికొస్తుంది. ప్రశాంతమైన సరస్సులో నెమ్మదిగా తిరిగి, భోజనం చేసి వచ్చే ఆరుగురికి రెండు గొట్టాలు చాలు. మూడోదాని ఖర్చు అక్కర్లేదు.

ఏ పడవ ఎంచుకున్నా దాని ముందుభాగంలో అందరూ గుమిగూడకూడదు. వేగం హఠాత్తుగా తగ్గిస్తే ముక్కు కిందికి దిగి నీళ్లు నేల మీదికి ఎక్కుతాయి. రెయిలింగ్ బయట కూర్చోవడం ఇంకా ప్రమాదం. అక్కణ్నుంచి జారిన మనిషి మీదుగానే పడవ వెళుతుంది, వెనక మోటారు రెక్కలు తిరుగుతూ ఉంటాయి. పడవ కదులుతుంటే 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవాలని జార్జియా చట్టం చెబుతోంది.

బయలుదేరేముందు పడవలోని పలక చదవాలి. ఎంతమంది, ఎంత బరువు అని రెండు హద్దులు అందులో ఉంటాయి. మనుషులు తక్కువే ఉన్నా ఐస్‌పెట్టెలూ సామాన్లూ కలిసి బరువు హద్దు ముందే దాటవచ్చు. అందరూ ఎక్కి కూర్చున్నాక ఒకరు రేవు మీద నిలబడి పక్కనుంచి చూస్తే మంచిది. రెండు గొట్టాలూ సమంగా, సగానికి పైగా నీటి పైన కనిపిస్తుంటే తాళ్లు విప్పవచ్చు.