అక్షరములు చిక్కని బిడ్డలు

తరగతిలో ఒక్కొక్కప్పుడు ఇట్టి బిడ్డ కానవచ్చును. నోటిలెక్క యడిగిన తడవుగా బదులు చెప్పును. విన్న కథను పొల్లుపోకుండ తిరిగి చెప్పును. పుస్తకము చేతికిచ్చినంతనే మూగవోవును. ఇంటివారు సోమరియందురు, తోడివారు మొద్దని నవ్వుదురు. రెండును తగని మాటలే.

1896వ సంవత్సరమున ఇంగ్లండు దేశమునందు ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు, పెర్సీ అను 14 ఏండ్ల బాలుని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో వ్రాసెను. బాలుడు చురుకైనవాడు, లెక్కలన్న వానికి ప్రీతి, చూపునందు లోపము లేదు. అయినను చిన్న మాటలను సైతము చదువలేకుండెను, తన పేరునే అక్షరములు తారుమారుగా వ్రాసెను. పాఠములన్నియు నోటనే చెప్పినచో బడిలో వీనికి మించినవాడుండడని వాని యుపాధ్యాయుడే పలికెనట!

నాడు దీనిని మాటల గ్రుడ్డితనమనిరి. నేడు డిస్‌లెక్సియా యందురు. కంటి జ్ఞాపకమే కొరవడినదని తొలినాటి వైద్యులు తలచిరి. పెక్కుమందియందు చిక్కంతయు మాటలోని ధ్వనులను విడదీయుటలోను, వానిని అక్షరములతో ముడివేయుటలోను కలదని తరువాతి పరిశోధనలవలన తేలినది. కొన్ని కుటుంబములలో వంశానుగతముగ వచ్చుటయు కలదు.

మన తెలుగులో ఈ చిక్కు వేరొక రూపము దాల్చును. ‘స్త్రీ’ యను నొక్క యక్షరములో మూడు హల్లులును ఒక అచ్చును దాగియున్నవి. గుణింతమును పాటవలె వల్లించు బిడ్డయే ‘కి’లోని అచ్చేదని యడిగిన తెల్లబోవచ్చును. వల్లెవేత వేరు, చదువు వేరు.

అమెరికాలో ఆర్టన్ అను వైద్యుని పరిశోధనలను ఆధారము చేసికొని, 1930వ దశకమున గిల్లింగ్‌హాం అను విదుషీమణి యొక బోధనాక్రమమును సిద్ధపరచెను. బిడ్డ అక్షరమును చూచుచు, దాని ధ్వనిని పలుకుచు, వినుచు, చేతితో దిద్దవలెను. కొలదిపాటి అక్షరములు నేర్పి, అవి స్థిరపడిన పిదపనే క్రొత్తవానికి పోవలెను. ధ్వనులను అక్షరములను క్రమముగా జతపరచి నేర్పుట చదువుట కష్టమగు పిల్లలకును మేలుచేయునని 2000వ సంవత్సరమున ఆ దేశపు జాతీయ పఠన మండలి నివేదించినది. ఇసుకలో వ్రేలితో దిద్దించిన మన వీధిబడి పంతుళ్లు ఈ శాస్త్రమెరుగకయే సగము పని చేసిరని మాకు తోచును. బెత్తము మాత్రము శాస్త్రములో లేదు.

మన దేశమున 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ లోపమును గుర్తించినది. పరీక్షలలో అధిక సమయము, వ్రాయుటకు సహాయకుడు మున్నగు సౌకర్యములు ఆ చట్టమునందు చెప్పబడినవి. ధ్రువపత్రము తెచ్చుటకు పరీక్షల నెలవరకు ఆగరాదు.

తల్లిదండ్రులారా, మూడవ తరగతిలో తడబడెనని బిడ్డను బడి మాన్పింపకుడు. ముందుగా చూపును వినికిడిని పరీక్షింపించి, పిమ్మట ఉపాధ్యాయునితో మాటలాడుడు. రాత్రివేళ కొంతసేపు చరిత్ర పాఠమును మీరే చదివి వినిపింపుడు. అక్షరములు చిక్కువరకు విషయము వెనుకబడకుండును.